పట్టూవిడుపూ తెలిసిన పంజరాలు

లోపల బోలుగా ఉండే లోహ-కర్బన అణువుల్లో రసాయన చర్యలు నీళ్లలోనే జరిగిపోతున్నాయి. ఈ విద్యలో మన దేశానికి పేరు తెచ్చిన పరిశోధనకు మూలాలు కోల్‌కతాలో ఉన్నాయి. పటాన్‌చెరు గడప తొక్కడానికి మాత్రం ఒక చిక్కుంది.

తెల్ల భాస్వరం గాలి సోకితే చాలు, భగ్గుమంటుంది. కాలేజీ ల్యాబుల్లో దాన్ని నీళ్ల సీసాలో ముంచి ఉంచేది అందుకే. యుద్ధాల్లో నిప్పుల వానగా కురిపించేదీ ఈ పదార్థాన్నే. అలాంటిది, 2009లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జొనాథన్ నిచ్కె బృందం దాన్ని గాలికి పెట్టి చూపించింది. మంట రాలేదు, పొగా రాలేదు. కారణం, ఒక్కో భాస్వరం అణువూ ఒక్కో పంజరంలో బందీగా ఉంది. నాలుగు ఇనుప అయాన్లు మూలలుగా, ఆరు కర్బన అణువులు కడ్డీలుగా అమరిన పంజరమది. వింతేమిటంటే అది ఆక్సిజన్‌కు తలుపులేమీ మూయలేదు. ఆక్సిజన్ లోపలికి దూరగలదు. కానీ భాస్వరంతో అది కలిస్తే పుట్టే కొత్త అణువుకు లోపల చోటు చాలదు. చోటు లేదు కాబట్టి చర్యా లేదు. ఆ తర్వాత కాస్త బెంజీన్ చేర్చగానే అది పంజరంలో చొరబడి భాస్వరాన్ని బయటికి గెంటేసింది. బయటపడ్డ భాస్వరానికి మళ్లీ పాత గుణమే.

గది కొలతలే లోపల ఏం జరగాలో, ఏం జరగకూడదో తేల్చేస్తున్నప్పుడు రసాయన శాస్త్రవేత్తకు వచ్చే ఆలోచన ఒకటుంది. జరిగే చర్యను ఆపగల పంజరం, జరగని చర్యను జరిపించలేదా? బయట గంటల తరబడి మరిగించినా కలవని రెండు అణువులను ఒకే గదిలో పెట్టి తలుపేస్తే?

చర్యను వేగిరపరచి, తాను మాత్రం ఖర్చు కాకుండా మిగిలే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారని పదో తరగతిలోనే చదువుకున్నాం. పెళ్లిళ్ల పేరయ్య లాంటిదన్నమాట. రెండు కుటుంబాలను కలుపుతాడు, తాను పీటల మీద కూర్చోడు, ఇక్కడ తాంబూలాలు పుచ్చుకోగానే ఇంకో ఊరికి బయల్దేరతాడు. మన ఒంట్లో ఈ పని చేసేవి ఎంజైములు. ప్రతి ఎంజైములోనూ ఒక చిన్న బొరియ ఉంటుంది. చర్య జరిగేది అందులోనే. ప్రకృతి కోట్ల ఏళ్లు తీసుకుని చెక్కిన ఆ బొరియను గాజు కుప్పెలో ఒక పూటలో కట్టాలన్నదే పంజరాల వాళ్ల పంతం.

బౌబజార్ నుంచి బెంగళూరుకు

ఈ పంతం పట్టిన వాళ్లలో మన దేశం నుంచి ముందు వరుసలో కనిపించే పేరు పార్థసారథి ముఖర్జీ. 1973లో పశ్చిమ బెంగాల్‌లో పుట్టిన ముఖర్జీ పరిశోధన పాఠాలు నేర్చుకున్నది కోల్‌కతా జాదవ్‌పూర్‌లోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో. ఆ తర్వాత అమెరికాలోని ఉటా విశ్వవిద్యాలయంలో పీటర్ స్టాంగ్ దగ్గర పనిచేశారు. లోహ అయాన్లను మూలలుగా వాడి అణువులతో చతురస్రాలు, పెట్టెలు కట్టే విద్యకు స్టాంగ్ ఆద్యుల్లో ఒకరు. 2005లో ముఖర్జీ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరి సొంత దుకాణం తెరిచారు. 2016లో రసాయన శాస్త్రంలో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం ఆయన్ను వరించింది.

కోల్‌కతా అసోసియేషన్ గురించి తెలుగువాళ్లు తెలుసుకోదగ్గ ముచ్చట ఒకటుంది. 1876లో మహేంద్రలాల్ సర్కార్ అనే వైద్యుడు చందాలు పోగుచేసి బౌబజార్ వీధిలో ఈ సంస్థను పెట్టారు. అల్లోపతి చదివి హోమియోపతికి మళ్లి తోటి డాక్టర్ల ఆగ్రహం చవిచూసిన మొండి మనిషి ఆయన. 1907లో అకౌంట్స్ శాఖ ఉద్యోగిగా కలకత్తా వచ్చిన సి.వి. రామన్, ఆఫీసుకు ముందూ తర్వాతా ఇక్కడే ప్రయోగాలు చేసేవారు. 1928లో నోబెల్ తెచ్చిపెట్టిన రామన్ ఎఫెక్ట్ పుట్టిందీ ఇక్కడే. అదే ఏడాది కృష్ణా జిల్లా ఆగిరిపల్లికి చెందిన ఓ కుర్రవాడు, నిజాం కాలేజీలో చదువుకున్న సూరి భగవంతం, రామన్ దగ్గర శిష్యరికానికి కలకత్తా చేరాడు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1948లో టి. వెంకటరాయుడుతో కలిసి గ్రూప్ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయించే పుస్తకాన్ని వాల్తేరు నుంచి వెలువరించారు. అణువుల ఆకారంలోని సౌష్ఠవాన్ని లెక్కగట్టే గణితమది. నేడు ఏ పంజరం గురించి పరిశోధనా పత్రం రాసినా అది చతుర్ముఖి సౌష్ఠవమా, అష్టముఖి సౌష్ఠవమా అని ముందుగా తేల్చేది ఆ గణితంతోనే.

రామన్ 1933లో కలకత్తా వదిలి బెంగళూరు వెళ్లారు. భగవంతం 1957లో అదే బెంగళూరు సంస్థకు డైరెక్టరయ్యారు. ముఖర్జీ దారీ అదే. కోల్‌కతా పెంచడం, బెంగళూరు వాడుకోవడం మన శాస్త్ర రంగంలో పాత అలవాటేననిపిస్తుంది. అయితే ఈ మధ్య ఎదురు గాలీ వీస్తోంది. ఆ సంగతి తర్వాత.

తమంత తామే కట్టుకునే ఇల్లు

ఇంతకీ కంటికి కనిపించని ఈ పంజరాన్ని ఎవరు కడతారు? ఎవరూ కట్టరు. అదే ఇందులోని అందం.

జపాన్ శాస్త్రవేత్త మకోటో ఫుజితా 1995లో ప్రకటించిన పంజరాన్నే తీసుకోండి. పల్లాడియం అయాన్‌కు నాలుగు చేతులు, ఒకే తలంలో, చతురస్రం మూలల వైపు చాచినట్టుగా ఉంటాయి. అందులో రెండింటిని ఒక చిన్న అణువుతో కట్టేస్తే మిగిలిన రెండూ సరిగ్గా లంబకోణంలో నిలుస్తాయి. తలుపు చట్రం మూలకు వడ్రంగి బిగించే ఎల్ ఆకారపు పట్టీ గుర్తు తెచ్చుకోండి. ఇక గోడల కోసం మూడు కొసల్లోనూ నత్రజని ఉన్న త్రిభుజాకారపు బల్లపరుపు కర్బన అణువు. ఆరు మూలపట్టీలకు నాలుగు త్రిభుజాల చొప్పున నీళ్లలో కలిపితే చాలు, అష్టముఖి ఆకారంలో పంజరం తయారవుతుంది. అడ్డదిడ్డంగా అతుక్కున్న ముక్కలు దాదాపు మిగలవు. ఎందుకంటే పల్లాడియం-నత్రజని బంధం మరీ గట్టిదీ కాదు, మరీ వదులుదీ కాదు. తప్పు చోట ముడిపడితే ఊడిపోతుంది. సరైన చోటు దొరికేదాకా ఊడుతూ కట్టుకుంటూ ఉంటుంది. అన్ని ముడులూ కుదిరిన ఆకారమే నిలుస్తుంది.

ఈ పంజరం అడ్డంగా కొలిస్తే సుమారు రెండు నానోమీటర్లు. పక్కపక్కనే పేరిస్తే ఒక్క మిల్లీమీటరులో ఐదు లక్షలు పడతాయి. ఫుజితా బృందమే ఇదే పద్ధతిలో పెద్దవీ కట్టింది. 2016లో 48 పల్లాడియం అయాన్లూ 96 వంపు కడ్డీలూ, మొత్తం 144 ముక్కలు కలిసి తమంత తామే బంతిగా అమరాయి. వేలంవెర్రిగా పెద్దవి కట్టడంలో పోటీ ఒక దశలో రికార్డుల పుస్తకాన్ని తలపించింది గానీ, ఉత్ప్రేరకంగా పనికొచ్చేది ఎక్కువగా చిన్న గదులే. లోపలికి వచ్చిన అతిథులు ఒకరినొకరు తాకక తప్పని ఇరుకు ఉండాలి మరి.

ఫుజితా పంజరంలో ఇంకో మెలిక ఉంది. దాని మీద మొత్తం 12 ధనావేశాలు ఉంటాయి కాబట్టి నీళ్లలో హాయిగా కరుగుతుంది. లోపలి గోడలు మాత్రం నూనె స్వభావం గల కర్బన బల్లలు. నీళ్లలో ఇమడలేని జిడ్డు అణువులకు అంతకన్నా మంచి ఆశ్రయం లేదు. పిలవకుండానే దూరిపోతాయి.

గది మారితే గుణం మారింది

2006లో ఫుజితా బృందం ఆ గదిలోకి రెండు అణువులను పంపింది. ఒకటి ఆంత్రసీన్ జాతిది, మూడు వలయాలు వరుసగా అతుక్కున్న బల్ల. రెండోది మాలిమైడ్. ఈ రెండూ కలిసే తీరుకు డీల్స్-ఆల్డర్ చర్య అని పేరు. కనిపెట్టిన ఇద్దరికీ 1950లో నోబెల్ వచ్చింది. బయట ఏ ద్రావణంలో కలిపినా మాలిమైడ్ వెళ్లి ఆంత్రసీన్ నడి వలయానికే అతుక్కుంటుంది. పాఠ్యపుస్తకాలన్నీ చెప్పేదీ అదే. పంజరంలో మాత్రం చివరి వలయానికి అతుక్కుంది. ఎందుకంటే ఆ ఇరుకులో ఇద్దరూ ఒక్క తీరుగానే కూర్చోగలరు, ఆ తీరులో నడి వలయం అందదు. ఏ వేడీ, ఏ ఆమ్లమూ చేయించలేని పని గది ఆకారం చేయించింది.

అమెరికాలో బర్క్‌లీలోని కెన్నెత్ రేమండ్, రాబర్ట్ బెర్గ్‌మన్‌లది ఇంకో దారి. వాళ్ల పంజరం మూలల్లో గాలియం, మొత్తం మీద 12 రుణావేశాలు. ఆ గోడల మధ్య ధనావేశం మోసే అణువులకు మహా సుఖం. ఆర్థోఫార్మేట్లు అనే పదార్థాలు ఆమ్లంలోనే విరుగుతాయి, క్షారంలో చెక్కు చెదరవు. అలాంటి వాటిని 2007లో గట్టి క్షార ద్రావణంలోనే విరగ్గొట్టి చూపించారు. చుట్టూ క్షారం, గదిలో మాత్రం ఆమ్లం పోసినట్టే. 2010లో నజరోవ్ చర్య అనే మరో దాన్ని పది లక్షల రెట్లకు మించి వేగిరపరచారు. ఎంజైములకు తప్ప ఇతరులకు అందవనుకున్న అంకెలవి.

ఇక్కడి దాకా చదివితే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. అసలు తంటా ఇక్కడే మొదలవుతుంది.

పెళ్లయినా మంటపం ఖాళీ చెయ్యరు

రెండు అణువులు కలిసి ఒకటైనప్పుడు ఆ ఒక్కటీ గదిలో ఇంకా బాగా ఒదుగుతుంది. రెంటినీ పట్టుకోవడానికి బాగా కుదిరిన గోడలు, పుట్టినదాన్ని మరింత గట్టిగా పట్టుకుంటాయి. కల్యాణ మంటపంలో పెళ్లి జరిగిపోయింది, కానీ వధూవరులు ఖాళీ చెయ్యరు. తర్వాతి ముహూర్తం వాళ్లు వీధిలో నిలబడాల్సిందే. 2006లో ఫుజితా పంజరానికి జరిగింది ఇదే. పాఠ్యపుస్తకాన్ని తిరగరాసిన ఆ చర్య గదికి ఒక్కసారి జరిగి ఆగిపోయింది. ఎన్ని అణువులు తయారవ్వాలో అన్ని పంజరాలు కావాలి. అది ఉత్ప్రేరకం అనిపించుకోదు, ఖరీదైన అచ్చు మాత్రమే. నజరోవ్ చర్యలోనూ పుట్టిన అణువు గదిని కదలనంటే, దాన్ని చర్యలో పెట్టి మార్చేసే మాలిమైడ్‌ను పక్కన చేర్చి బర్క్‌లీ వాళ్లు గండం గట్టెక్కారు.

పంజరాల శాస్త్రంలో గత ఇరవై ఏళ్ల కథంతా, నా లెక్కలో, పట్టుకోవడం గురించి కాదు, వదలడం గురించి. వేగం ఎన్ని లక్షల రెట్లన్న అంకెలు పత్రికల్లో మెరుస్తాయి. ఒక్క పంజరం ఎన్నిసార్లు పనిచేసిందన్న అంకె లోపలి పేజీల్లో నక్కి ఉంటుంది. ఆ రెండో అంకె చూడకుండా మొదటి దాన్ని నమ్మడం తెలివైన పని కాదు.

ఫుజితాయే ఒక విరుగుడు కనిపెట్టారు. అదే 2006 పత్రంలో ఆయన మూసిన పంజరం పక్కనే, అదే కొలతల ముక్కలతో తెరిచిన గిన్నెనూ వాడారు. ఆంత్రసీన్ బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి గిన్నె అడుగున పలక మీద పలకలా చక్కగా అతుక్కుంటుంది. మాలిమైడ్ వచ్చి నడి వలయానికి తగులుకోగానే ఆ బల్ల మధ్యకు విరిగినట్టు వంగిపోతుంది. వంగినది పలకకు ఆనదు, జారిపోతుంది. కొత్త ఆంత్రసీన్ వచ్చి కూర్చుంటుంది. పంజరంలోని వింత వలయం పోయింది, పాత నడి వలయమే గతి అయింది. కానీ గిన్నె మళ్లీ మళ్లీ పనిచేసింది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి.

2012లో ముఖర్జీ బృందం బెంగళూరులో కట్టినదీ ఈ కోవలోనిదే. ఆరు పల్లాడియం అయాన్లు, ట్రై-ఇమిడజోల్ గోడలు. మూసిన పెట్టె కాదు, కిటికీలు బార్లా తెరిచిన పంజరం. అందులో డీల్స్-ఆల్డర్‌తో పాటు క్నోవెనాగెల్ చర్యనూ నీళ్లలో నడిపించారు. ఈ రెండో దాని విశేషం కొంచెం నెమ్మదిగా చెప్పుకోవాలి. క్నోవెనాగెల్ చర్యలో రెండు అణువులు కలిసేటప్పుడు ఒక నీటి అణువు బయటికొస్తుంది. అందుకే ల్యాబుల్లో దాన్ని చేసేటప్పుడు పుట్టిన నీటిని ఎప్పటికప్పుడు తీసేస్తుంటారు. లేకపోతే చర్య ముందుకు సాగదని భయం. అలాంటి చర్యను నిండా నీళ్లలో ముంచి జరిపించడమంటే వానలో వడియాలు ఎండబెట్టడమే. పంజరం లోపల నీళ్లకు తావు లేదు కాబట్టి ఎండాయి. అదే 2012లో ఫుజితా బృందమూ తన పంజరంతో ఇలాంటి ఫలితమే ప్రకటించింది.

వదలడంలో నేటికీ మేలైన ఉదాహరణల్లో ఒకటి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌ది. 2016లో మైకేల్ వార్డ్ బృందం ఎనిమిది కోబాల్ట్ అయాన్లు మూలలుగా ఉన్న ఘనాకారపు పంజరంలో కెంప్ ఎలిమినేషన్ అనే చర్యను 2 లక్షల రెట్లు వేగంగా నడిపింది. లోపలికి వెళ్లేది జిడ్డు అణువు. బయటికొచ్చేది రుణావేశం గల, నీళ్లంటే ఇష్టపడే అణువు. పుట్టగానే గది మీద మోజు పోయి నీళ్లలోకి దూకేస్తుంది. కనీసం వందసార్లు పనిచేసినా వేగం తగ్గలేదు. అయితే ఎంజైముతో పోల్చి చూడండి. మన రక్తంలో బొగ్గుపులుసు వాయువును సర్దే కార్బానిక్ ఆన్‌హైడ్రేస్ సెకనుకు పది లక్షల సార్లు ఆ పని చేస్తుంది. పంజరాల వాళ్లు ఇంకా ఓనమాల దగ్గరే ఉన్నారు.

ఇరుకులో నీళ్లు

పంజరాల మాట అంతగా వినిపించని రోజుల్లోనే, ఇరుకు చోట్ల అణువులు ఎలా మసలుకుంటాయన్నది కోల్‌కతా అసోసియేషన్‌లో జోరుగా సాగిన పరిశోధన. 1997లో భట్నాగర్ పురస్కారం పొందిన కంకణ్ భట్టాచార్య అక్కడ లేజర్లతో నీటి అణువుల కదలికలను కొలిచేవారు. మామూలు నీళ్లలో ఒక కొత్త ఆవేశం పుట్టుకొస్తే చుట్టూ ఉన్న నీటి అణువులు దాదాపు ఒక పికోసెకనులో దాని వైపు తిరిగి సర్దుకుంటాయి. సెకనులో లక్ష కోట్లవ వంతన్నమాట. అదే నీళ్లు సబ్బు బుడగల్లాంటి మిసెల్‌లలోనో, చక్కెర వలయాలైన సైక్లోడెక్స్‌ట్రిన్ బోలులోనో చిక్కితే, ఆ సర్దుబాటులో కొంత భాగం వందల నుంచి వేల రెట్లు నెమ్మదిస్తుంది. సంక్రాంతి బస్సులో పక్కకు తిరగడానికి పట్టే సమయం లాంటిది. ఈ అంశం మీద భట్టాచార్య, నీలాశీష్ నంది, బెంగళూరుకు చెందిన బిమన్ బాగ్చీ కలిసి 2000లో రాసిన సమీక్షా వ్యాసం ఈ రంగంలో అందరూ చూసేదే.

దీనికీ పంజరాలకీ చుట్టరికం ఏమిటంటే, రసాయన చర్యలో అణువులు కలిసేదీ విడిపోయేదీ చుట్టూ ఉన్న ద్రావణి ఎంత త్వరగా సర్దుకుంటుందన్న దాని మీదా ఆధారపడుతుంది. గదిలోపలి ఒకటి రెండు నీటి అణువులు చర్యకు సాయం చేస్తాయా, అడ్డం పడతాయా అన్నది ఇప్పుడు పంజరాల వాళ్లను వేధిస్తున్న ప్రశ్నల్లో ఒకటి. కోల్‌కతా లేజర్లు ముందే ఆ గదిలోకి తొంగిచూశాయి.

పటాన్‌చెరు లెక్క

రెండు నానోమీటర్ల గదిలో ఏం జరిగితే మనకేమిటి అంటారా? ఒకసారి ముత్తంగి వైపు వెళ్లి గాలి పీల్చండి. హైదరాబాద్‌ను దేశానికి బల్క్ డ్రగ్ రాజధానిగా చేసిన పరిశ్రమ అసలు ముడిసరుకు ద్రావణులే. టొలీన్, మెథనాల్, డైక్లోరోమీథేన్. మందు బిళ్ల చిన్నదే గానీ దాని వెనుక చెత్త చిన్నది కాదు. 1992లో రోజర్ షెల్డన్ అనే శాస్త్రవేత్త ఒక లెక్క తీశారు. పెట్రోలియం శుద్ధిలో కిలో సరుకుకు వంద గ్రాముల వ్యర్థం మిగిలితే, మందుల తయారీలో కిలోకు 25 నుంచి 100 కిలోల పైదాకా మిగులుతుంది. అందులో సింహభాగం ద్రావణులదే.

పటాన్‌చెరు పేరు ప్రపంచానికి ఎక్కింది ఇంకో లెక్కతో. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలే కేంద్రం దగ్గర నీళ్లు పట్టి చూసింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. ఆ మందు కారడాన్ని పంజరాలు ఆపేవి కావు, అది వేరే నిర్లక్ష్యం. కానీ ద్రావణుల బెడదకు మాత్రం వీటి దగ్గర మందు ఉండొచ్చు. జిడ్డు అణువుల చర్యను పీపాల కొద్దీ టొలీన్‌లో కాక నీళ్లలో చేయడమంటే మాటలు కాదు.

ఉత్సాహానికి ఇక్కడ కాస్త కళ్లెం వేయాలి. చర్య నీళ్లలో జరిగినా తయారైన సరుకును నీళ్లలోంచి బయటికి తీయాలి కదా. ల్యాబులో ఆ పని చేసేది మళ్లీ ఏదో ఒక కర్బన ద్రావణితోనే. పైగా మురికైన నీళ్లను శుభ్రం చేయడం మురికైన టొలీన్‌ను మళ్లీ బట్టీ పట్టడంకన్నా కష్టం. నీళ్లు వాడాం కాబట్టి పర్యావరణానికి మేలని ప్రకటించుకునే పత్రాలు బోలెడున్నాయి. పీపాల లెక్క రాసినవి తక్కువ.

రెండో చిక్కు లోహం. పల్లాడియం ధర 2022 మార్చిలో ఔన్సుకు 3,000 డాలర్లు దాటింది, తర్వాత బాగా దిగొచ్చింది. ఇలా ఊగే సరుకు మీద ఫ్యాక్టరీ లెక్క వేయడం కష్టం. మందుల పరిశ్రమకు ఈ లోహం కొత్త కాదు, 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెల్ తెచ్చిన చర్యలు దీని మీదే నడుస్తాయి. కానీ అక్కడ పల్లాడియం చిటికెడు. పంజరంలో ఒక్కో గది కట్టడానికే ఆరు అయాన్లు, అవీ గోడలు నిలబెట్టడానికే. పంజరం కాస్త విరిగి లోహం సరుకులో కలిసినా తంటాయే. నోటి ద్వారా వేసుకునే మందులో రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి పల్లాడియం ఉండకూడదని అంతర్జాతీయ నిబంధన. నిచ్కె ఇనుము, వార్డ్ కోబాల్ట్ వైపు మొగ్గడం ధర దృష్టితో చూస్తే తెలివైన పనే.

మోహన్‌పూర్ గాలి

ముందు చెప్పిన ఎదురు గాలి సంగతికొద్దాం. కోల్‌కతాకు ఉత్తరాన నదియా జిల్లా మోహన్‌పూర్‌లో, 2006లో ఏర్పడిన ఐసర్ కోల్‌కతా ఉంది. 2018లో రసాయన శాస్త్ర భట్నాగర్ పురస్కారాలు రెండూ ఈ ఒక్క సంస్థకే దక్కాయి. ఒకరు రాహుల్ బెనర్జీ, మరొకరు స్వాధీన్ మండల్. పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీ నుంచి వచ్చిన బెనర్జీ కట్టేవి లోహమే లేని కర్బన జాలకాలు. లోపల క్రమబద్ధమైన రంధ్రాలుంటాయి. ఊడి మళ్లీ కట్టుకునే గుణం వల్లే ఇలాంటివి ఏర్పడతాయి, ఆ గుణం వల్లే నీళ్లలో చెడిపోతాయి. బెనర్జీ బృందం 2012లో ఈ ముడి విప్పింది. కట్టడం పూర్తికాగానే చివరి మెట్టులో బంధాలు వెనక్కి తిరగకుండా బిగుసుకునేలా చేసింది. నీళ్లలో మరిగించినా, ఆమ్లంలో నానబెట్టినా ఆ జాలకాలు నిలిచాయి. మండల్‌ది ఇంకో పోరు. పల్లాడియం లాంటి లోహాలు చేసే పనిని ఫినలీనిల్ అనే మూడు వలయాల కర్బన అణువుతో చేయించాలని. పంజరాల పరిశ్రమ మోయలేని రెండు బరువులు, నిలకడలేమి, లోహం ఖర్చు. వాటి మీద ఇద్దరు వేర్వేరుగా ఒకే ఆవరణలో పనిచేస్తున్నారు.

ఇంతలో ప్రపంచం దృష్టి పంజరాల అన్నదమ్ముల మీద పడింది. 2025 రసాయన నోబెల్‌ను సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీ లోహ-కర్బన జాలకాలకు పంచుకున్నారు. పంజరం ఒక్క గది అయితే జాలకం అంతులేని అపార్ట్‌మెంట్. 1974లో మెల్‌బోర్న్‌లో రాబ్సన్, విద్యార్థులకు అణువులు చూపడానికి కొయ్య బంతుల్లో చిల్లులు పెట్టించబోయి, చిల్లులు ఎక్కడున్నాయన్న దాంట్లోనే మొత్తం కట్టడం దాగి ఉందని గమనించారట. పల్లాడియం మూలపట్టీ నడిచేదీ ఆ సూత్రం మీదే. జాలకాలు అప్పుడే ఫ్యాక్టరీ చేరాయి. 2023లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ బొగ్గుపులుసు వాయువును పట్టే ఫిల్టర్ల కోసం వాటిని ఏటా వందల టన్నుల లెక్కన తయారుచేయగలనని ప్రకటించింది. జాలకం ఘనపదార్థం కావడం దాని అదృష్టం. వడకట్టి తీసేయొచ్చు. నీళ్లలో కరిగే పంజరానికి ఆ వీలు లేదు.

ఆ వీలు కల్పించే ప్రయత్నం 2020లో బర్క్‌లీలో జరిగింది. రుణావేశపు గాలియం పంజరాలను ధనావేశపు ప్లాస్టిక్ గుళికలకు అంటించారు. గుళికలను గొట్టంలో దట్టించి పైనుంచి ముడిసరుకు ద్రావణం వదిలారు. చర్య గొట్టంలో జరిగింది, కింద సరుకు చుక్కలు చుక్కలుగా దిగింది, పంజరాలు గుళికలను పట్టుకుని ఉండిపోయాయి. ఫ్యాక్టరీ మనిషికి అర్థమయ్యే భాషలో పంజరం మాట్లాడింది అప్పుడే. ఆ గొట్టం ఎన్నాళ్లు పనిచేస్తుంది, కిలో సరుకుకు ఎన్ని గ్రాముల గుళికలు ఖర్చవుతాయన్నది పటాన్‌చెరులో ఏ ప్లాంట్ మేనేజరైనా అడిగే మొదటి ప్రశ్న. ఆ జవాబు మిల్లీగ్రాముల్లో కాదు, కిలోల్లో రావాలి.